తిరుపతిలో అమ్మానాన్నల ఇంటికి వైర్‌లెస్ బటన్లు: ఏది కొనాలి, ఎలా పెట్టాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కొర్లగుంటలో మీ సొంతిల్లు. కింద అమ్మానాన్న, మిద్దె మీద అద్దెకున్నవాళ్ళు. మీరు బెంగళూరులో ఉద్యోగం. నాన్నకి మోకాళ్ళు పట్టేసి రాత్రిపూట లేవడం కష్టమవుతోంది. అమ్మకి వినికిడి కొంచెం తగ్గింది. ఇద్దరికీ ఫోన్ యాప్ అలవాటు కాలేదు. మంచం దగ్గర బటన్ నొక్కితే లైటు వెలగాలి, అమ్మని పిలవాలి, ట్యాంకుకి మోటారు కూడా వేయగలగాలి. ప్రోగ్రామ్ చేసుకునే వైర్‌లెస్ బటన్ ఏది మంచిది?

నేను తిరుపతిలోనే ఎలక్ట్రికల్ పనులతో పాటు ఇళ్ళకి ఆటోమేషన్ చేస్తుంటాను. పెద్దవాళ్ళున్న ఇళ్ళే ఎక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మోడల్ సంగతికి ముందు ఒక మాట. మామూలు స్విచ్ నొక్కితే టక్‌మంటుంది, మీట ఒరుగుతుంది. పని అయిందని చేతికే తెలిసిపోతుంది. వైర్‌లెస్ బటన్ గాల్లోకి ఒక కబురు పంపి మళ్ళీ నిద్రపోతుంది. మోటారు నిజంగా తిరిగిందా, అమ్మ విన్నదా అన్నది దానికి తెలీదు, నొక్కిన మనిషికీ తెలీదు. అందుకే పెద్దవాళ్ళు ఒకటికి నాలుగుసార్లు నొక్కుతారు. ఆన్ అయింది కాస్తా ఆఫ్ అవుతుంది. కొన్నాళ్ళకి దాని మీద నమ్మకం పోయి, లేచి గోడ పట్టుకుని నడవడం మొదలుపెడతారు. నేను చూసిన ఇళ్ళలో బటన్లు మూలపడటానికి పెద్ద కారణం ఇదే. కాబట్టి కింద నేను చెప్పేదంతా ఒకే లెక్క మీద నడుస్తుంది: నొక్కిన ప్రతిసారీ నొక్కినవాళ్ళకి కంటికో చెవికో జవాబు అందాలి.

ఇక రకాలు. వైఫై బటన్ నేరుగా రూటర్‌తో మాట్లాడుతుంది కాబట్టి సులువు అనిపిస్తుంది. కానీ బ్యాటరీ నిలవాలంటే అది పూర్తిగా నిద్రలో ఉండాలి. నొక్కాక లేచి, రూటర్‌ని పట్టుకుని, అప్పుడు కబురు పంపుతుంది. ఇందుకు ఒక్కోసారి రెండు మూడు సెకన్లు పడుతుంది. చీకట్లో మంచం మీద కూర్చున్న మనిషికి అది చాలా ఎక్కువ, ఆలోపు ఇంకోసారి నొక్కేస్తారు. ఫ్లిక్, షెల్లీ లాంటి కంపెనీల బ్లూటూత్ బటన్లు చురుగ్గా ఉంటాయి. అయితే వాటి మాట వినే పరికరం ఒకటి ఎప్పుడూ దగ్గర్లో ఉండాలి. మీ ఫోన్‌నే ఆ పరికరంగా పెడితే మీరు బెంగళూరు బస్సెక్కగానే బటన్ పనిచేయడం ఆగిపోతుంది. 433 మెగాహెర్ట్జ్ బటన్లు చవక, గోడలు కూడా బాగా దాటుతాయి. కానీ వాటిలో చాలావరకు మార్పులేని ఒకే కోడ్‌ని పంపుతాయి. ఎవరైనా దాన్ని పట్టి మళ్ళీ పంపొచ్చు. అందుకే గేటుకీ తాళానికీ అవి వద్దు, కాలింగ్ బెల్‌కి ఫరవాలేదు.

మీ ఇంటికి నేను చెప్పేది జిగ్బీ, అంటే ఇలాంటి చిన్న పరికరాలు తక్కువ కరెంటుతో తమలో తాము మాట్లాడుకునే రేడియో పద్ధతి. నొక్కిన వెంటనే పనిచేస్తుంది, చిన్న బిళ్ళ సెల్లుతో చాలాకాలం నడుస్తుంది. కబురు అందినట్టు అవతల నుంచి రేడియో రసీదు రాకపోతే తానే మళ్ళీ పంపుతుంది కూడా.

మోడల్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది సెల్లు ఏదన్నది. ఆకారా చిన్న బటన్‌లో సీఆర్ 2032 పడుతుంది. అది మన ఊళ్ళో వాచీల షాపులోనే కాదు, మందుల షాపులోనూ దొరుకుతుంది, షుగర్ చూసుకునే మిషన్లలో చాలావాటికి అదే సెల్లు. సోనాఫ్ ఎస్‌ఎన్‌జెడ్‌బీ-01పీ మంచి బటనే, కానీ దానిలో పడే సీఆర్ 2477 లావుపాటి సెల్లు, వీధి చివర అడిగితే ఇచ్చేది కాదు. అది కొంటే రెండు సెల్లులు ముందే తెప్పించి ఇంట్లో పెట్టండి. ఐకియా వాళ్ళ రొడ్రెట్, సొమ్రిగ్ రకాల్లో ట్రిపుల్ ఏ సెల్లు ఒకటి వేస్తే చాలు. మీ నాన్నగారి చేతికైతే నేను ఈ చివరి రకమే ఇస్తాను. బటన్ పెద్దది, వేలు ఎటు పడినా నొక్కుకుంటుంది, సెల్లు కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది.

జిగ్బీకి ఇంట్లో ఒక హబ్ కావాలి, అంటే బటన్ల కబురు అందుకుని లైటుకో బెల్లుకో పని చెప్పే పరికరం. మీకు కంప్యూటర్ పని తెలుసని మీ ప్రశ్న చదివితే అర్థమైంది కాబట్టి పాత ల్యాప్‌టాప్ మీద హోమ్ అసిస్టెంట్ అనే ఇంటి ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ వేసి, యూఎస్‌బీ జిగ్బీ డాంగిల్ (పెన్‌డ్రైవ్ లాంటి రేడియో) ఒకటి పెట్టమంటాను. ల్యాప్‌టాప్ బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినా కాసేపు తట్టుకుంటుంది. డాంగిల్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కి గుచ్చకుండా మీటరు పొడవున్న ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టండి. యూఎస్‌బీ 3.0 పోర్టు నుంచి వచ్చే రేడియో గోల సరిగ్గా జిగ్బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. ఇంత చిన్న వైరు పెట్టగానే అప్పటిదాకా సతాయించిన బటన్లు దారికొచ్చిన ఇళ్ళు చాలా చూశాను. కొర్లగుంటలో ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉంటాయి, ప్రతి ఇంటికీ ఒక వైఫై. అందుకని మీ రూటర్‌ని 1వ ఛానెల్‌లోనో 6వ ఛానెల్‌లోనో పెట్టి, జిగ్బీని 25వ ఛానెల్‌లో పెట్టండి. జిగ్బీకి 11 నుంచి 26 దాకా ఛానెళ్ళున్నాయి, 25 పక్కింటి వైఫైలకి కూడా చాలావరకు అవతల ఉంటుంది. బటన్లు జతచేయకముందే ఈ పని చేయండి, తర్వాత మారిస్తే అన్నీ మళ్ళీ జతచేయాల్సి రావొచ్చు.

హోమ్ అసిస్టెంట్ వద్దనుకుంటే రెడీమేడ్ జిగ్బీ గేట్‌వేలు, అంటే హబ్ పనే చేసే డబ్బాలు ఉన్నాయి. డబ్బా మీద ఏం రాసున్నా ఒక పరీక్ష చేయండి: రూటర్‌కి వచ్చే ఇంటర్నెట్ వైరు పీకి బటన్ నొక్కండి. లైటు వెలిగితే ఉంచుకోండి, వెలగకపోతే వాపసు పంపండి. కంపెనీ సర్వర్ మీద ఆధారపడిన బటన్ ఎప్పటికైనా మన చేతిలో ఉండదు. అమెజాన్ 2015లో డాష్ బటన్లు తెచ్చింది. నొక్కితే సబ్బో డైపర్లో ఆర్డర్ అయ్యేవి. కొందరు వాటిని తిరగరాసి ఇంట్లో లైట్లకీ వాడుకున్నారు. 2019లో కంపెనీ అమ్మకం ఆపేసింది, ఆ ఏడాదే ఆర్డర్లు తీసుకోవడం కూడా ఆపేసింది. మంచం పక్కన పెట్టే బటన్‌కి ఆ గతి పట్టకూడదు.

కరెంటు సంగతి చాలామంది వదిలేస్తారు. జిగ్బీలో కరెంటుతో నడిచే ప్లగ్గులు, రిలేలే (కబురు అందగానే కరెంటు కలిపే, తీసేసే చిన్న స్విచ్‌లు) బటన్ కబురుని హబ్ దాకా చేరవేస్తాయి. సెల్లుతో నడిచేవి ఆ పని చేయవు. ఇటుక గోడలు, స్లాబు, మధ్యలో ఇనప బీరువా ఉన్న ఇంట్లో ఇవి లేకుండా బటన్ నమ్మకంగా పనిచేయదు. ఇప్పుడు మే నెలలో గాలివానొచ్చి కరెంటు పోయిందనుకోండి. ఇన్వర్టర్ లైన్ మీద లైట్లు, ఫ్యాన్లు ఉంటాయి, పవర్ సాకెట్లు ఉండవు. మీ ప్లగ్గు పవర్ సాకెట్‌లో ఉంటే అది చచ్చిపోతుంది, దాన్ని నమ్ముకున్న బటన్ అనాథ అవుతుంది. సరిగ్గా చీకటైన వేళే బటన్ పనిచేయదు! అందుకని హబ్, రూటర్, కబురు మోసే ప్లగ్గులు అన్నీ ఇన్వర్టర్ లైన్‌లో ఉన్న సాకెట్లకే పెట్టండి. పెట్టాక మెయిన్ ఆఫ్ చేసి, ప్రతి బటన్ నొక్కి చూడండి. ఇంకోటి, బటన్‌ని ఎక్కడ వాడతారో అక్కడే నిలబడి జతచేయండి. కొన్ని బటన్లు మొదట పట్టుకున్న దారినే పట్టుకుని వేలాడతాయి.

ఇప్పుడు అసలు పని, పిలుపు.

మంచం దగ్గర ఒక బటన్, వంటగదిలో ఇంకొకటి. నాన్న నొక్కగానే రెండు జరగాలి: వంటగదిలో, హాల్లో బెల్లు మోగాలి, అక్కడి లైట్లు రెండు మూడుసార్లు ఆరి వెలగాలి. అమ్మకి వినికిడి తక్కువన్నారు కాబట్టి లైటు తప్పనిసరి. మిక్సీ తిరుగుతున్నప్పుడు చెవులు బాగున్నవాళ్ళకి కూడా బెల్లు వినపడదు. బెల్లుకి ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు. మామూలు డింగ్‌డాంగ్ బెల్లుకి వెనక జిగ్బీ రిలే ఒకటి పెట్టి, ఒక సెకను కరెంటు ఇచ్చి తీసేస్తే చాలు. అదే సమయంలో నాన్న మంచం దగ్గర చిన్న బెడ్ ల్యాంపు నారింజ రంగులో వెలగాలి. అంటే కబురు వెళ్ళింది అని ఆయనకి గుర్తు. అమ్మ వంటగది బటన్ నొక్కగానే ఆ ల్యాంపు ఆకుపచ్చగా మారాలి. అంటే విన్నాను, వస్తున్నాను అని. ఈ ఆకుపచ్చ లైటు కోసమే నేను ఇంత రాస్తున్నాను. రాత్రి రెండింటికి నొప్పితో ఉన్న మనిషికి, ఎవరో వస్తున్నారని తెలియడమే సగం బలం. అది చూశాక ఆయన లేవడానికి ప్రయత్నించకుండా కూర్చుంటారు.

రెండు నిమిషాల్లో వంటగది బటన్ నొక్కకపోతే? అప్పుడు పిలుపు మిద్దె మీదకి వెళ్ళాలి. అద్దెకున్నవాళ్ళతో మాట్లాడి వాళ్ళ వాకిట్లో ఒక బెల్లు పెట్టండి. మీరు బెంగళూరు నుంచి బయల్దేరినా ఐదారు గంటలు పడుతుంది, వాళ్ళు పది మెట్లు దిగితే చాలు. అప్పుడే మీ ఫోన్‌కీ రావాలి. మామూలు నోటిఫికేషన్ అయితే రాత్రి ఫోన్ సైలెంట్‌లో ఉండి మీకు తెలీదు. ఆండ్రాయిడ్‌లో హోమ్ అసిస్టెంట్ యాప్ అలారం శబ్దంతో మోగేలా పెట్టుకోవచ్చు, అలా పెట్టండి. నోటిఫికేషన్‌లోనే ‘చూశాను’ అని ఒక మీట ఇవ్వొచ్చు. మీరు అది నొక్కితే నాన్న ల్యాంపు నీలం రంగుకి మారాలి. మనిషి దూరంగా ఉన్నా జవాబు అందినట్టే. తర్వాత మీరు ఇంటికి, పైవాళ్ళకి ఫోన్ చేసి, అవసరమైతే 108కి చెప్తారు. 108కి చెప్పే పని మాత్రం మనిషే చేయాలి, బటన్ మీద వదలకండి.

ఇదంతా రోజూ వాడాలి. ప్రమాదానికి మాత్రమే అని చెప్పి ఇచ్చిన బటన్‌ని పెద్దవాళ్ళు నొక్కరు. ఊరికే ఎందుకులే, వాళ్ళని టెన్షన్ పెట్టడం అనుకుంటారు. పొద్దున కాఫీకి, మంచినీళ్ళకి ఇదే బటన్ నొక్కమనండి. అమ్మ వంటగదిలో జవాబు నొక్కేస్తుంది కాబట్టి మీ దాకా రాదు. చేతికి అలవాటు అవుతుంది, బటన్ పనిచేస్తోందో లేదో రోజూ తెలిసిపోతుంది.

ప్రోగ్రామ్ చేసేటప్పుడు ఒక సలహా. ఈ బటన్లలో చాలావరకు ఒకసారి నొక్కితే ఒకటి, రెండుసార్లు నొక్కితే ఒకటి, నొక్కి పట్టుకుంటే ఒకటి అని మూడు పనులు చేయగలవు. అది చూసి ముచ్చటపడి ఒకే బటన్‌కి లైటు, ఫ్యాను, పిలుపు అన్నీ తగిలించకండి. వణికే వేలు ఒకసారి నొక్కబోయి రెండుసార్లు నొక్కుతుంది, బలం చాలక నొక్కి పట్టుకుంటుంది. పిలుపు బటన్‌కి అన్ని రకాల నొక్కుడుకీ ఒకే పని ఇవ్వండి. ఎలా నొక్కినా అమ్మకి పిలుపు వెళ్ళాలి, అంతే.

ఈ గొడవంతా వద్దు, నాన్న పిలిస్తే అమ్మకి వినపడితే చాలు అనుకుంటే, బజార్లో దొరికే వైర్‌లెస్ కాలింగ్ బెల్ కొనండి. ఎర్ర లైటు కూడా మెరిసే రకం. రిమోట్ బటన్ మంచానికి, బెల్లు వంటగదిలో ప్లగ్గుకి. హబ్ లేదు, ప్రోగ్రామ్ లేదు. మీ ఫోన్‌కి రాదు, తిరుగు జవాబు ఉండదు. అయినా ఏమీ లేకపోవడం కంటే ఎంతో మేలు. మిగతా ఏర్పాటు అయ్యేదాకా ఈ వారమే అది పెట్టేయండి.

రాత్రి లైటుకి నేను బటన్ కంటే మోషన్ సెన్సర్‌నే ఇష్టపడతాను. కాలు కింద పెట్టగానే మంచం కింద నుంచి బాత్రూమ్ దాకా మసక లైటు వెలగాలి, కాసేపటికి తానే ఆరాలి. బటన్ కూడా కావాలంటే దాన్ని లైటుకి నేరుగా బైండ్ చేసే వీలుందేమో చూడండి. ఐకియా రొడ్రెట్ లాంటివాటిలో అది ఉంది. హబ్ ఆగిపోయినా బటన్ లైటుతో నేరుగా మాట్లాడుకుంటుంది.

మోటారు దగ్గర మాత్రం దయచేసి తొందరపడకండి. ఆన్‌లైన్‌లో 16 ఆంపియర్ల స్మార్ట్ రిలే చూసి, మా మోటారు ఒక హెచ్‌పీయే కదా, 746 వాట్లే కదా అని నేరుగా కలిపేస్తారు. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే కరెంటుకి ఎన్నో రెట్లు లాగుతుంది. రిలే మీద రాసిన 16 ఆంపియర్లు హీటర్ లాంటి లోడుకి చెప్పే లెక్క. కొన్నాళ్ళకి లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు యాప్‌లో ఆఫ్ అని చూపిస్తుంది, కింద మోటారు తిరుగుతూనే ఉంటుంది. సంపులో నీళ్ళు అయిపోయినా తిరుగుతుంది. సరైన పద్ధతి ఏమంటే, స్మార్ట్ రిలే కాంటాక్టర్ (మోటారు లాంటి పెద్ద లోడుల కోసం చేసిన స్విచ్) కాయిల్‌ని మాత్రమే నడపాలి, మోటారు కరెంటు కాంటాక్టర్ మోయాలి. మీ స్టార్టర్‌లో ఉన్న ఓవర్‌లోడ్ రక్షణని ఎవరూ తీసేయకూడదు. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టాన్ని బట్టి పనిచేసేది), సంపులో ఇంకో ఫ్లోట్ స్విచ్ వైరుతోనే కాయిల్ లైన్‌లో వరసగా కలపాలి. అప్పుడు హబ్, వైఫై ఏం చేసినా ట్యాంకు నిండితే మోటారు ఆగుతుంది, సంపు ఖాళీ అయితే ఆగుతుంది. ఆకుపచ్చ మీట కాసేపు నొక్కి పట్టుకుంటేనే స్టార్ట్ అయ్యే పాత ప్యానెల్ అయితే వైరింగ్ వేరేగా ఉంటుంది. ఇది మీరు చేసే పని కాదు, మోటారు ప్యానెళ్ళు తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

బటన్ వైపు చూస్తే, మోటారుకి నొక్కితే ఆన్, మళ్ళీ నొక్కితే ఆఫ్ అనే పద్ధతి పెట్టనే వద్దు. ఆన్‌కి ఒక బటన్, ఆఫ్‌కి ఒక బటన్. రొడ్రెట్‌లో పైమీట, కిందమీట ఉన్నాయి కాబట్టి అది దీనికి బాగా కుదురుతుంది. ఆన్ నొక్కితే మీ ట్యాంకు నిండే సమయం లెక్కన ఇరవై నిమిషాలో అరగంటో తిరిగి తానే ఆగాలి. అమ్మ మర్చిపోయి ఇంకో రెండుసార్లు ఆన్ నొక్కినా ఏమీ మారకూడదు. రిలే సెట్టింగుల్లో, కరెంటు పోయి వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉండాలి అని ఒకటి ఉంటుంది. మోటారుకి అది తప్పకుండా ఆఫ్‌లో ఉండాలి. లేకపోతే అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు ఎవరూ లేకుండా మోటారు తిరుగుతుంది.

ఇక్కడ కూడా జవాబు కావాలి. రిలే ఆన్ అయిందన్న సమాచారం సరిపోదు, మోటారు నిజంగా కరెంటు తీసుకుంటోందా అన్నది కొలవాలి. మోటారు వైరు చుట్టూ బిగించే కరెంటు సెన్సర్లు దొరుకుతాయి. కరెంటు లాగుతుంటేనే వంటగదిలో ఒక చిన్న లైటు వెలిగేలా పెట్టండి. లైటు వెలిగితే నీళ్ళు ఎక్కుతున్నాయని అమ్మకి తెలుస్తుంది. మామూలు కంటే బాగా తక్కువ లాగుతుంటే చాలావరకు మోటారు ఖాళీగా తిరుగుతున్నట్టే, వెంటనే ఆపేయమని ఆటోమేషన్ రాయండి. పనిలో పనిగా ఇంకో మాట, చిత్తూరు వైపు మామిడితోటల్లో బోరుకి ఇదే పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. అక్కడ సిమ్ వేసుకునే మొబైల్ స్టార్టరే సరైనది, జిగ్బీ అంత దూరం వెళ్ళదు.

బిగించడం గురించి. డబ్బాతో వచ్చే జిగురు టేపు సున్నం గోడకీ డిస్టెంపర్ గోడకీ నిలవదు, పొడి రాలి ఊడిపోతుంది. టైలు మీదో, మంచం చెక్క మీదో అంటించండి. నాన్న బటన్‌ని తాడుతో మంచానికి కట్టండి, దుప్పటిలో పోకుండా ఉంటుంది. ఎండ నేరుగా పడే గోడకి పెట్టకండి. బాత్రూమ్‌లో ఒక పిలుపు బటన్ తప్పకుండా పెట్టండి, అదీ నేలకి అడుగున్నర ఎత్తులో. పడినవాళ్ళకి పైన ఉన్న బటన్ అందదు. అక్కడ నీటి తుంపర తట్టుకుంటుందని ఐపీ 44 గానీ అంతకంటే ఎక్కువ గానీ రాసున్న రకం తీసుకోండి.

యాప్‌లో చూపించే బ్యాటరీ శాతాన్ని నమ్మొద్దు. బిళ్ళ సెల్లు వోల్టేజీ చాలాకాలం ఒకేలా ఉండి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. ప్రతి ఉగాదికీ అన్ని బటన్లకీ సెల్లులు మార్చేయండి. ఏ బటన్ నుంచైనా ఒక రోజుకి మించి ఉలుకూపలుకూ లేకపోతే మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టండి.

మీ పిల్లలు సెలవులకి తాతయ్య ఇంటికి వస్తారు కాబట్టి ఇది కూడా: బిళ్ళ సెల్లు చిన్నపిల్లలు మింగితే చాలా ప్రమాదం. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. స్క్రూతో మూత బిగించే బటన్లు తీసుకోండి, వాడేసిన సెల్లుకి రెండు వైపులా టేపు చుట్టి పారేయండి. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి. పిల్లలు తిరిగే ఇంటికి ట్రిపుల్ ఏ రకాన్ని నేను ముందు పెట్టడానికి ఇదీ ఒక కారణం.

ఒకేసారి అన్నీ కొనకండి. ముందు హబ్, రెండు బటన్లు, ఒక బెల్లు రిలే, ఒక రంగుల బల్బు తీసుకుని పిలుపు ఏర్పాటు చేయండి. శని, ఆదివారాలు ఇంట్లో ఉండేలా వచ్చి, నాన్న చేతే నొక్కించి చూడండి. ఆయన తప్పు నొక్కుతున్నారనిపిస్తే ఆయన్ని మార్చకండి, ప్రోగ్రామ్‌ని మార్చండి. మోటారు పని తర్వాత. దానికి మెయిన్ ఆఫ్ చేయించి, మీ స్టార్టర్ ప్యానెల్ మూత తీసిన ఫోటో ఒకటి ఇక్కడ పెట్టండి. అందులో కాంటాక్టర్ ఉందో లేదో చూసి, ఎలక్ట్రీషియన్‌కి ఏం చెప్పాలో రాసిస్తాను.